టోపీల సీరియల్‌లో ఆఖరి ఆదివారం

మా పాత బజారు వాళ్లంతా ఫోనులో పెట్టుకున్న గ్రూపులో ఈ ప్రశ్న ఇప్పటికి నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అందరూ చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి, ఒక్కరూ జవాబివ్వలేదు. అదే గ్రూపులో పొద్దున్నే ఎవరో గులాబీ పువ్వు బొమ్మ పెడితే ముప్పై మంది దణ్ణాలు పెడతారు. నేనడిగింది పెద్ద సంగతేమీ కాదు. మా పిడుగురాళ్లకు కేబుల్ వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున ఇంగ్లీషు చానెల్లో గుర్రాల మీద తిరిగే టోపీ మనుషుల సీరియల్ ఒకటి వచ్చేది. దాని ఆఖరి భాగంలో నల్లటోపీ పెద్దాయన తాను తరుముతున్న కుర్రవాణ్ణి కాల్చాడా, వదిలేశాడా? బజారు మొత్తంలో అది చూడనిది నేనొక్కణ్ణే. చూడనివ్వలేదు కాబట్టి చూడలేదు. చూసినవాళ్లు చెప్పాలి కదా.

మా బజారు సున్నం బట్టీల వెనక ఉండేది. ఇళ్ల కప్పులు, కరెంటు తీగలు, గేదెల వీపులు, ఆరేసిన చీరలు అన్నీ ఒకటే తెలుపు. ఎండాకాలంలో కాలిన సున్నపురాయి మీద నీళ్లు చల్లితే బుసబుసమని పొంగి వేడివేడిగా ముక్కు మండించే వాసన వచ్చేది. మాఘమాసం దాటితే ఊళ్ల మీది నుంచి వచ్చే మిరపకాయల ఘాటు దానికి తోడై, ఇంట్లో అన్నం తింటున్నవాడు, దారినపోయేవాడు, బడిలో పాఠం చెప్పే టీచరు, అందరూ ఒకేసారి తుమ్మేవాళ్లు. గనుల్లో రాళ్లు పేలిస్తే గిన్నెలు కదిలేవి. ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు. ఆ సీరియల్లో గుర్రాలు పరిగెత్తే నేల కూడా అచ్చం మాలాగే ఉండేది, చెట్టూ చేమా లేని తెల్లటి దుమ్ము. అందుకేనేమో మాకెవరికీ అది పరాయి దేశమనిపించలేదు.

బజారులో రంగుల టీవీ ఒక్క సుబ్బయ్య బాబాయి ఇంట్లోనే ఉండేది. ఆయన బట్టీ యజమాని, మాకు చుట్టం కాదు, అయినా అందరికీ బాబాయే. ఆయన భార్య రమణమ్మ పిన్ని ఆదివారం పూట ముందుగది తలుపులు బార్లా తీసి పెట్టేది. పిల్లలు గచ్చు మీద, ఆడవాళ్లు గోడవార, చోటు దొరకనివాళ్లు వీధి వైపు కిటికీ ఊచలు పట్టుకుని బయట. వెనక పొయ్యి మీద కోడికూర ఉడుకుతుంటే మసాలా వాసన ఆ గుర్రాల మధ్యనుంచే వస్తున్నట్టుండేది.

నా బాధ ఏమిటంటే, ఏ ఆదివారమూ మొదటి నుంచి చూడలేకపోవడం. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం, కానుకలు, చివరి దీవెన అన్నీ అయ్యేదాకా మొదటి వరసలో ఆయన పక్కన కదలకుండా కూర్చోవాలి. నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి సగం అయిపోయేది. ఆ మొదటి సగం నాకోసం మస్తాన్ చూసి పెట్టేవాడు. వాళ్ల నాన్నకు హైవే పక్కన లారీల పంక్చర్ షాపు. మస్తాన్ సర్కారు బడి, నేను కాన్వెంటు. ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పడం నా పని. మొదటి సగం కథ పొల్లుపోకుండా దాచిపెట్టడం వాడి పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంక్చర్ షాపులో చక్రాలూడదీసిన సైకిళ్లెక్కి, సిమెంటు సంచి కాగితంతో చేసిన టోపీలు పెట్టుకుని, పాత ట్యూబు ముక్కల్ని నడుముకు బిగించుకుని, ఇద్దరి సగాలూ కలిపితే గానీ ఆ వారం కథ పూర్తయ్యేది కాదు. అంత తృప్తిగా నేను ఇంకెవరితోనూ మాట్లాడి ఎరగను.

నాకు ఇంగ్లీషు అంత బాగా ఏమీ రాదు. వాళ్లు నోరు కదపకుండా మాట్లాడేవాళ్లు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ గదిలో అందరూ నా మొహం వైపే చూస్తుంటే తెలియదని ఎలా చెప్పను? ఒక ఆదివారం ఆ కుర్రవాడు దాహంతో పడిపోతే, వారం వారం వాణ్ణి తరిమే నల్లటోపీ ఆయనే తల ఎత్తి నీళ్లు పోసి, టోపీ సరిచేసి, తెల్లారేలోగా పొమ్మని వదిలేశాడు. అలా చేసేది ఎవరు? నాకు తెలిసినంతలో మేనమామే చేస్తాడు. ఆయన వాడి మేనమామ అని చెప్పాను.

“మేనమామైతే తుపాకి పట్టుకోని ఎంటపడటమేందయ్యా?” అంది రమణమ్మ పిన్ని.

“ఆయన కూతుర్ని చేసుకోనన్నాడేమో వొదినా! మా అన్నయితే ఊరుకుంటాడా ఏంది?” అంది మస్తాన్ వాళ్లమ్మ. గది గదంతా పగలబడి నవ్వింది. ఆ కారణం నాకు చానా నచ్చింది. తర్వాతి వారం నుంచి నేనూ అదే కథ చెప్పాను. ఆ కూతురెప్పుడు కనిపిస్తుందా అని ఆడవాళ్లు పనులు మానుకుని ఎదురుచూశారు.

వేసవి సెలవులకు పిన్ని అన్నకొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. కాళ్లకు తెల్ల బూట్లు, చేతికి గడియారం. నేను చర్చి నుంచి వగర్చుకుంటూ వచ్చి నా జాగాలో కూర్చుని, మేనమామ ఏమంటున్నాడో చెప్పబోతుండగా వాడు నవ్వడం మొదలుపెట్టాడు.

“మేనమామ ఎవడ్రా? వాడు పోలీసు. పట్టుకుని ఉరి తీయిస్తానంటున్నాడు. అత్తా, ఇన్నాళ్లూ వీడు చెప్పింది నమ్మారా మీరు?”

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు నేనన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “మొదటి సగం మస్తాన్‌గాడే తప్పు చెప్పాడు. వాడికి ఏబీసీడీలే రావు” అన్నాను. మస్తాన్ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. కొంచెం అవతలికి జరిగాడు.

ఆ రోజు నుంచి నా పేరు మేనమామ. బజారులో, బడిలో, చివరికి చర్చి గుమ్మంలో కూడా. నేను ఊరుకునే రకం కాదు. గుమ్మం దగ్గర విడిచిన ఆ హైదరాబాదు బూట్లలో ఒకదాన్ని తీసుకెళ్లి తడిసున్నం గుంతలో వేశాను. తప్పే, ఒప్పుకుంటాను. పిన్ని నన్ను గడప తొక్కొద్దంది. వెళ్లిపోతూ నేను మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాను. “ఆఖరికి చూడండి, ఆయన కాల్చడు. పోలీసైనా సరే కాల్చడు.”

ఆఖరి ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా మొదటిసారి మా నాన్న పక్క నుంచి లేచాను. వెనక ఆయన గొంతు ‘ఆమేన్’ అంటున్నా ఆగలేదు. వెళ్లేసరికి లోపల గది కిక్కిరిసిపోయింది. వీధి కిటికీ దగ్గరికి చేరి ఊచలు పట్టుకున్నాను. కొండ అంచున కుర్రవాడు గుర్రం దిగి నిలబడ్డాడు, ఎదురుగా నల్లటోపీ ఆయన. కిటికీకి ఆనుకుని లోపలి వైపు మస్తాన్ కూర్చున్నాడు. చెయ్యి చాపితే వాడి భుజం తగిలేది.

“అత్తా, మేనమామొచ్చాడు!” అని హైదరాబాదు వాడు అరిచాడు.

“ఆ కిటికీ ఎయ్యండ్రా ముందు. వాడి మొహం నాకు చూపీబాకండి” అంది పిన్ని పొయ్యి దగ్గర నుంచి.

రెక్కలు నా ముక్కు మీద పడ్డట్టే మూసుకున్నాయి. గడియ పడిన చప్పుడు వినిపించింది. చెవి ఆనించి నిలబడ్డాను. గుర్రం సకిలించింది. ఎవరో రెండు మాటలన్నారు. తర్వాత ఒక్క పేలుడు. అది టీవీలో తుపాకీయో, గనిలో రాళ్లో నాకు తెలియలేదు. లోపల అంతమంది ఉండి కూడా గది నిశ్శబ్దమైపోయింది. సంతోషానికి అలా ఊరుకున్నారో, దుఃఖానికో అదీ తెలియలేదు.

తలుపు తీసి అందరూ బయటికొచ్చారు. అడిగిన ప్రతివాడూ “మీ మామనే అడుగు” అని నవ్వుకుంటూ పోయాడు. మస్తాన్ చెబుతాడులే అనుకున్నాను. మధ్యాహ్నం పంక్చర్ షాపుకు వెళితే ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

“ఏమైందిరా?” అన్నాను.

“ఏబీసీడీలు రానోడికేం తెలుస్తదిరా, మేనమామా” అన్నాడు, తల ఎత్తకుండానే.

వాడి నోటి నుంచి కూడా ఆ పేరే. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తర్వాతి రంజాన్‌కు మా ఇంటికి సేమ్యా గిన్నె వచ్చింది. మూత తీసి చూశాను, జీడిపప్పులు ఎప్పటిలాగే పైనే పేర్చి ఉన్నాయి. తెచ్చింది మాత్రం వాళ్ల చెల్లెలు. క్రిస్మస్‌కు మేం పంపిన అరిసెలు మా అమ్మ తీసుకెళ్లింది. పెద్దవాళ్ల రాకపోకలు ఆగలేదు, మా మధ్యే మాట ఆగింది. ఆదివారాలు నేనొక్కణ్ణే మా పెరటి గోడ ఎక్కి గుర్రంలా కూర్చునేవాణ్ణి. అటు కథ చెప్పేవాడు లేకపోతే ఎంతసేపని కూర్చుంటాం? మరుసటి ఏడు వాళ్ల నాన్న షాపు మాచర్లకు మార్చాడు.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. ఉండేది మేడ మీద ఒక గదిలో, ఒక్కణ్ణే. ఫోనులో వెతుక్కోవచ్చు కదా అని మిల్లులో కుర్రవాళ్లంటారు. ఏ పేరు పెట్టి వెతకను? పేర్లు పడే సమయానికి నేను చర్చిలో ఉండేవాణ్ణి. మొన్న గురజాలలో ఒక పెళ్లిలో ఆ హైదరాబాదు బూట్లవాడు కనిపించాడు. పొట్ట వచ్చి, జుట్టు పోయి, నన్ను చూసి నిజంగానే సంతోషించాడు. అడిగితే “ఏ సీరియల్?” అన్నాడు. నా పేరు మార్చినవాడికి ఆ సంగతే గుర్తులేదు. రమణమ్మ పిన్ని పోయింది. ఆ ఇంటి చోట మూడంతస్తుల షాపులు లేచాయి. సున్నం బట్టీలు ఆరిపోయాయి. ఒక గదిలో అంతమంది ఒకే బొమ్మ వైపు చూడడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇక మిగిలింది మస్తాన్ ఒక్కడే. మాచర్ల రోడ్డులో వాడి టైర్ల షాపు బోర్డు బస్సులోంచి ఎన్నోసార్లు చూశాను, దిగలేదు. తను కూడా గ్రూపులో ఉన్నాడు, చదువుతున్నాడు.

మస్తాన్, ఏబీసీడీల మాట అన్నది నేనే. తెలియనిది తెలిసినట్టు చెప్పింది నేను, నింద నీమీద వేసిందీ నేనే. పదిమందిలో అన్నాను కాబట్టి పదిమంది చదివే ఈ గ్రూపులోనే తప్పని ఒప్పుకుంటున్నాను. ఇది ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్లకు పైనే పట్టింది, నీకు అంత గడువు నేనివ్వను. ఆయన కాల్చాడా లేదా అన్నది తర్వాత చెబుదువుగానీ, ముందు ఇది చెప్పు. ఆ కిటికీ గడియ నీ మోచేతి పక్కనే ఉంది. వేసింది నువ్వేనా?