ఎడమచేతి పంతులమ్మ

దారం కనిపిస్తే చాలు, ఆ పిల్లకు లోకం పట్టేది కాదు. గోనెసంచి పోగులు, పొట్లాలు కట్టిన పురికొస, పాత స్వెట్టరు విప్పిన ఊలు, ఏది దొరికితే అది అల్లేది. ఇంట్లో అందరూ ‘దారపుండ’ అనే పిలిచేవారు. పన్నెండేళ్లకే కొక్కెం సూదితో ఆమె లేసు అల్లుతుంటే ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకునేవారు.

ఆ లేసు ధ్యాసలోనే ఒకరోజు పొయ్యి మీద పాలు మాడిపోయాయి. అన్నకు అప్పుడు పంతొమ్మిదేళ్లు, లారీ షెడ్డులో మెకానిక్కు, కోపం ముక్కు మీదే ఉంటుంది. “దారం కావాలా నీకు, దారం?” అంటూ జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి, చెల్లెలి కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి రెక్క ధడాలున వేశాడు. వాడి మొహం మండ! అది చాలదన్నట్టు ఇంకోసారి వేశాడు. మూడు వేళ్లు విరిగాయి. డాక్టరు అడిగితే తల్లి, “తలుపు సందులో పడిందండీ,” అంది. పిల్ల కుక్కిన పేనులా ఊరుకుంది.

వేళ్లు అతికాయి గానీ వంకరగా అతికాయి. సూది నిలవదు. ఆర్నెల్లు ఏడ్చి ఏడ్చి, ఎడమచేత్తో మళ్లీ మొదటి కుట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. దెబ్బలు మాత్రం ఆగలేదు. తల్లి పోయింది. ఆ తన్నులు తాళలేక వదిన పుట్టింటికి పోయింది. వాడికి వండిపెట్టడానికీ, వాడి చేత దెబ్బలు తినడానికీ దారపుండే మిగిలింది.

ముప్పై నాలుగో ఏట, ఆడవాళ్ల శిక్షణ కేంద్రంలో అల్లిక నేర్పేవాళ్లు కావాలన్నారని విని, అన్నకు చెప్పకుండా వెళ్లింది. పరీక్ష ఒక్కటే. సూది పట్టడమే తెలియని పదిమందికి గంటలో గొలుసుకుట్టు వచ్చేయాలి. ముందు వచ్చినావిడ ఎదురుగా కూర్చుని కుడిచేత్తో చూపిస్తే, పాపం వాళ్లకు కుడిఎడమలు తారుమారై చేతుల్లో చిక్కుముళ్లే మిగిలాయి. దారపుండ కూడా ఎదురుగానే కూర్చుంది. కానీ ఎడమచేత్తో అల్లింది. వాళ్లకు అద్దంలో తమ కుడిచేతినే చూసుకున్నట్టయింది. అరగంటకల్లా పది గొలుసులు! “రేపట్నుంచి వచ్చేయండి మేడమ్,” అంది ప్రిన్సిపాలు. మేడమ్ అన్న మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

మూడోవారం మధ్యాహ్నం, క్లాసు మధ్యలో అన్న వచ్చిపడ్డాడు.

“ఇంట్లో పొయ్యి వెలిగించే దిక్కులేదు, ఇక్కడ టీచరమ్మ వేషాలా? నడు!”

“క్లాసయ్యాక వస్తా అన్నయ్యా.”

చెంప ఛెళ్లుమంది. కిందపడ్డ మనిషిని డొక్కలో తన్ని, గుమ్మం దాకా ఈడ్చాడు. ఎడమచెయ్యి మెలిపెట్టి తలుపు సందులోకి లాగాడు.

“ఇదీ పోతేగానీ నీకు బుద్ధిరాదే!”

ఈ చెయ్యి కూడా పోతే ఇక ఆమెకు ఏముంది? గావుకేక పెట్టింది. క్లాసులో నేర్చుకుంటున్న, కూరగాయలమ్మే పెద్దావిడ ఒకామె తను కూర్చున్న ముక్కాలిపీట ఎత్తి వాడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. వాడు చెల్లెలి చెయ్యి వదిలేసి, తూలి గుమ్మం పట్టుకున్నాడు. గుమ్మానికి అతుక్కున్న ఆ లావుపాటి వేళ్లను దారపుండ చూసింది. లేచి, భుజం మోపి, బలమంతా పెట్టి తలుపు వేసింది. ఎముక విరిగింది. ఆ చప్పుడు ఆమెకు తెలిసినదే. రెండోసారి వెయ్యాలని మనసు ఎంత పీకిందో! కానీ వెయ్యలేదు.

వాడు చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. ప్రిన్సిపాలు పరుగెత్తుకొచ్చింది. “ఏమైంది?”

“తలుపు సందులో పడిందండీ,” అంది పెద్దావిడ ఠక్కున. అవునవునన్నారు మిగతావాళ్లు. అందరూ ఆమె ఉద్యోగం కాపాడదామనే అన్నారు. ఆమె తలూపితే చాలు, గండం గడిచినట్టే.

“పడలేదండీ. నేనే వేశాను,” అంది దారపుండ. “ఇరవై రెండేళ్ల కిందట నా చెయ్యీ పడలేదు. వీడే వేశాడు.” వంకర వేళ్లు ఎత్తి చూపించింది.

ప్రిన్సిపాలు ఆ వేళ్లకేసి చూసి, పోలీసులకు ఫోన్ చేసింది. “వాళ్లొచ్చాక ఇదే మాట చెప్పండి. అందాకా క్లాసు ఆపకండి మేడమ్.”

దారపుండ పగిలిన పెదవి తుడుచుకుని, ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో సూది పట్టింది. వాడు మెలిపెట్టిన చెయ్యి కదా, ఒక కుట్టు జారింది. చూసింది చూసినట్టు చెయ్యడం అలవాటైన పదిమందీ తలో కుట్టు జార్చారు.

“విప్పండి,” అంది. “మళ్లీ వేద్దాం.”