రత్నమ్మవ్వ నిలబడే చోటు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బంగారుపాళ్యంలో చిల్లర కొట్టు నడిపినవాడి కొడుకుని. తక్కెడలో పడనిది ఉన్నట్టు కాదని చిన్నప్పటి నుంచీ అలవాటు. చర్చి కమిటీలో నన్ను వేసుకున్నది కూడా భక్తి చూసి కాదు, బేరం చూసి.

ఊరి చివర మా పేటలో చర్చి అంటే రేకుల పాక. గాలివానకు అదీ ఎగిరిపోయింది. సిమెంటు, ఇనుము, మేస్త్రీ ఖర్చు భరిస్తామని దాతలు ముందుకొచ్చారు. మోత పని మాత్రం సంఘస్తులే చేయాలి. గడువులోగా స్లాబు ఫోటో పంపకపోతే సాయం అక్కడితో ఆగిపోతుంది.

స్థలం మా పేటలోని రత్నమ్మవ్వ ఊరికే ఇచ్చింది. ఊరికే ఇచ్చినదాంట్లో కూడా, మెట్లకని ఇంకో రెండడుగులు బేరమాడి తీసుకున్నాను. అంతటి ఘనుణ్ణి.

కాంక్రీటు పైకి లాగడానికి లిఫ్టు కావాలన్నాడు మేస్త్రీ. ఇన్ని చేతులుండగా లిఫ్టెందుకని కొట్టిపారేశాను. మామిడికాయలు దిగి, గుజ్జు ఫ్యాక్టరీలో పని మొదలయ్యే వారమని మాత్రం మరిచిపోయాను. స్లాబు రోజుకు పేటలో సగం మంది ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నారు.

మిగిలినవాళ్లం పరంజా మీద వరసగా నిలబడి తట్టలు అందించుకున్నాం. పరంజా మలుపు రత్నమ్మవ్వ చోటు. గోడలు లేచినన్నాళ్లూ అక్కడే నిలబడి ఇటుకలందించింది. స్లాబుకు పదిరోజుల ముందు కన్నుమూసింది. స్లాబు రోజు ఆ చోట్లో నిలబడ్డ మనిషికి మిట్టమధ్యాహ్నం వడదెబ్బ తగిలింది. మోసుకుపోయి నీడన పడుకోబెట్టారు. మలుపు ఖాళీ అయింది. దాని కింద మా పేట పిల్ల కుమారి, పైన నేను.

మేస్త్రీ పైనుంచి వంగి చూశాడు. “నడిమధ్యన ఆపితే ఈడ అతుకు పడతాది. రేపు నెర్రె ఇచ్చి కారతాది, పగలగొట్టాల్సిందే. లిఫ్టు వద్దన్నోడివి నువ్వే గదప్పా, ఇప్పుడు పలుకు.”

పిలవడానికి ఇంకో మనిషి లేడు. ప్రార్థనలో కూడా ఏదో ఒకటి ఇస్తానని బేరం పెట్టేవాణ్ణి. ఆ పూట ఇవ్వడానికి ఏమీ తోచలేదు. ఊరికే చేతులు కిందికి చాచాను.

తట్ట చేతుల్లోకి వచ్చింది.

కళ్లలో చెమట, సిమెంటు. కుమారి ఎక్కొచ్చి ఇస్తోందనుకున్నాను. ఇంకోటి వచ్చింది. ఇంకోటి. స్లాబు పూర్తయ్యేదాకా తప్పకుండా వచ్చాయి.

కిందికి దిగాక కుమారి నీళ్ల చెంబు అందిస్తూ అడిగింది. “అన్నిసార్లు కిందికి దిగొచ్చి అందుకుంటివే, నడుము పట్టుకోలేదా అన్నా?”

నేను దిగలేదని, ఎక్కొచ్చింది నువ్వే కదా అని అన్నాను.

ఆమె తలెత్తి పరంజా మలుపు వైపు చూసింది. “నేనుండే తావు నుంచి కదల్లేదన్నా.”

మర్నాడు పొద్దున్నే కొట్లోంచి టేపు తెచ్చి కొలిచాను. మేమిద్దరం నిండా చేతులు చాచినా, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం మిగిలింది. ఎండ అన్నాను, ఆకలి అన్నాను, కళ్లు మసకబారాయన్నాను. నాతో నేను ఆడిన ఆ బేరం ఒక్కటే గిట్టలేదు.

పని జరుగుతుండగా పాస్టరుగారు ఫోనుతో తీసిన ఫోటోలు దాతలకు వెళ్లాయి. మిగతా సాయం వచ్చింది, చర్చి లేచింది. సాయంతో పాటు ఒక ఉత్తరమూ వచ్చింది. ఫోటోలో పరంజా మలుపు దగ్గర ఎవరూ లేరు, తట్టలు పైకి ఎలా చేర్చారని అడిగారు.

ఎవరేమడిగినా జవాబు నాలుక చివరే ఉంచుకునే ఇల్లు మాది. ఆ ఉత్తరం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది.