గోడలో గూడు

మదనపల్లెలో మా అపార్ట్‌మెంటుకు చెత్తగొట్టం ఉంది. ప్రతి అంతస్తు వరండాలోనూ గోడకు చిన్న స్టీలు తలుపు. తెరిచి సంచి వదిలితే కింద డబ్బాలో పడుతుంది. పడాలి. ఆ వారం టమాటా ధర పడిపోయింది. మార్కెట్టుకు తోలితే బాడుగ కూడా రాదని ఊళ్లలోని బంధువులందరూ బాక్సులకు బాక్సులు మా మీదికి తోలారు. చారు, పచ్చడి, ఊరుబిండి చేసుకుని, చర్మం ఎర్రబడేదాకా తిన్నాం. మిగిలింది గొట్టంలో వేశాం. అది మూడో అంతస్తులోని మా తలుపు దాకా నిండి, హార్స్‌లీ హిల్స్‌తో ఎత్తుకు పోటీపడింది.

మర్నాడు పుంగనూరులో మా అబ్బాయి పెండ్లి. బస్సు వచ్చి కింద నిలబడింది. అప్పుడు అడిగాను, కుప్పం దగ్గరి మా పల్లె నుంచి వచ్చిన మా అమ్మను: "తాళిబొట్టు మూట యాడ పెట్టినావమ్మా?"

"ఇంట్లో ఇంతమంది తిరగతాండారు. నలుగురి చెయ్యి పడకుండా వరండా గూట్లో పెట్టినానప్పా. లోపల మెత్తగా పరిచిపెట్టినారు కూడా!"

మా పల్లె ఇంట్లో గోడకొక గూడు, గూటికొక తలుపు. విలువైనదేదైనా అందులోనే. గోడలో తలుపు పెట్టి లోపల చెత్త వేస్తారని ఆమె ఏ జన్మలోనైనా ఎలా అనుకుంటుంది?

పరుగెత్తాను. వరండా ఆ చివర పలమనేరంత దూరమైంది. తలుపు తీస్తే అంతా చీకటి. అమ్మ మూట పెట్టిపోయాక వాచ్‌మన్ కింద నుంచి వెదురుబొంగుతో పొడిచాడట. కుప్ప బాగా కిందికి జారింది. ఫోను లైటు వేశాను. ఎర్రటి ఊబిలో పసుపుగుడ్డ కొస.

తలా భుజాలూ లోపలికి దూర్చాను. చేయి అందలేదు. అమ్మ చేతికర్రా అందలేదు. నా కాళ్లు పట్టుకుని మా ఆవిడ ఏడుస్తోంది.

"తాళి లేకుండా పెండ్లికూతురోళ్లకి ఏం మొగం సూపిస్తాం? ఇంగ రొంత వంగప్పా!"

"ఇంగ రొంత వంగితే నీ మెడలో తాళి ఉండదే!"

అంతలో పైన తలుపు కిర్రుమంది. మా పై అంతస్తాయన ఇంటి టమాటా చారు, వెచ్చగా, నా నెత్తిన పడింది.

"ఆపప్పా! ఈడ తాళి ఉండాది!" అని గావుకేక పెట్టాను. కేక గొట్టమంతా తిరిగి నా చెవిలోకే వచ్చింది. జవాబుగా పైనుంచి ఒక సంచి నా వీపును రాసుకుంటూ కిందికి పోయింది. అది తగలగానే కుప్ప మొత్తం కదిలి, దబ్బున అడుక్కి పోయింది. పసుపు కొస మాయమైంది.

కింద చెత్త ట్రాక్టరు హారన్ మోగింది.

మెట్లు దిగలేదు, రాలాను. ట్రాక్టరులోకి ఎత్తబోతున్న డబ్బాను కన్నకూతురిలా వాటేసుకున్నాను. మోచేతులు మునిగేలా తవ్వాను. టమాటా, మళ్లీ టమాటా, ఎవరిదో చెప్పు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు వేలికి ముడి తగిలింది. విప్పి చూశాను. బొట్టు ఉంది. అక్కడే ఆ చెత్తలో కూలబడ్డాను.

పసుపునీళ్లతో కడిగాం. పుంగనూరు చేరేలోగా ఆ బొట్టు తాగినన్ని నీళ్లు మా పల్లె చెరువు కూడా చూసి ఉండదు.

ముహూర్తానికి ముందు తాళిబొట్టు పళ్లేన్ని ఆశీస్సులకు అందరి దగ్గరికీ తిప్పారు. మా పై అంతస్తాయన భక్తిగా కళ్లకద్దుకున్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి నా వైపు వంగాడు.

"వంటోళ్లు చారు దించినట్టుండారే. కమ్మంగా వాసనొస్తాండాది!"