మొదటి గోళీకి ముందే

మొన్న సోమవారం పొద్దున నాతోపాటు మందులకు వచ్చే మంచిర్యాల ఆమె ఫోన్ చేసింది, కౌన్సెలర్ అక్క గుండెపోటుతో పోయిందని. ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే గది పక్కన, మాతో మాట్లాడటానికని కూర్చునే మనిషి ఆమె. పదేళ్లుగా బెల్లంపల్లిలో బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్తున్నాను. ఇవాళ ఆరోగ్యంగా కూర్చుని ఇది రాస్తున్నానంటే ఆమె పుణ్యమే.

అక్క ఎవరినీ పేరు పెట్టి కేకేసేది కాదు. లేచి వచ్చి భుజం తట్టేది. ముందు "తిన్నవా?" అనేది, రోగం సంగతి తర్వాత. సగం తిన్న సర్వపిండి ఎప్పుడూ ఆమె సొరుగులో ఉండేది. మా ఫైళ్ల నిండా నూనె మరకలే.

నేనూ మా ఆయనా ఒకే రోజు మందులు మొదలుపెట్టాం. "ఇంతకుముందు ఎప్పుడన్న వాడిండ్రా?" అని అక్క అడిగితే ఇద్దరం లేదన్నాం. నేను ఒక్క పూట తప్పలేదు. అయినా ఆరు నెలల పరీక్షలో నా రక్తంలో వైరస్ తగ్గలేదు.

"గోళీలు ఎగ్గొడుతున్నవు, అబద్ధం చెప్పకు" అన్నారు డాక్టరుగారు. చాలామంది ఎగ్గొడతారు కాబట్టి ఆయన్ని అనడానికేం లేదు. కానీ చేయని తప్పుకు మాట పడితే కడుపు ఎంత మండుతుందో ఆ రోజు తెలిసింది. బయట బెంచీ మీద ఏడుస్తుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"నేను నమ్ముత. నిజం నిలకడ మీద తెలుస్తది, జర ఓపిక పట్టు" అంది.

ఊరికే అనలేదు. డాక్టరుగారి వెంటపడి నా రక్తాన్ని ఇంకో పెద్ద పరీక్షకు పంపించింది. వైరస్‌లో ఆ మందులకు లొంగని మార్పులున్నాయని తేలింది. అప్పుడు మా ఆయన్ని ఒక్కడినే లోపలికి పిలిచి తలుపు వేసింది. చాలాసేపటికి నన్నూ పిలిచి, ఆయన నోటితోనే చెప్పించింది. పెళ్లికి ముందు చంద్రాపూర్‌లో పనిచేసేటప్పుడు ఆయన ఈ మందులే వాడాడట, నాలుగు రోజులు వేసుకుని పది రోజులు మానేస్తూ. సంబంధం కుదిరాక ఎవరైనా చూస్తారని మొత్తానికే వదిలేశాడట.

"గా క్రిమి ఈయన ఒంట్లనే మందుకు అలవాటు పడి మారింది. మారిందే నీకొచ్చింది. నువ్వు మొదటి గోళీ మింగకముందే అది మందుకు లొంగకుంట అయింది. నీ తప్పేం లేదు బిడ్డా" అంది అక్క.

ఇద్దరికీ మందులు మార్చారు. తర్వాతి పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గిపోయింది. ఆయన మీద కోపం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. అక్క మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "ఇగ దాచుడు బంద్. ఒకరి ముంగట ఒకరు ఏసుకోండ్రి" అంది. అప్పటినుంచి రోజూ పొద్దున ఆయన గోళీ మింగి, నా కుట్టుమిషను దగ్గరికొచ్చి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపించేవాడు. నేను నాలుక కింద కూడా వెతికేదాన్ని.

ఫోన్ వచ్చిన పొద్దున కూడా వచ్చి నోరు తెరిచాడు. నా కళ్లనిండా నీళ్లు, ఏమీ కనబడలేదు.

"నోరు మూయి. నువ్వు ఏసుకుంటవు, నాకెర్కే" అన్నాను.

ఆయన కాసేపు అలాగే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.