మా తమ్ముడు మల్లేశం ఏయని ఓటు

మా తమ్ముడు మల్లేశం ఓటు ఏయక పన్నెండేండ్లాయె. మంచంల పడ్డోడు కాదు, పొద్దుగాల ఆరింటికే మగ్గం గుంతల కూసుంటడు. సదువు రానోడు కాదు, పేపరు తిరగేసి మరగేసి సదువుతడు. లిస్టుల పేరున్నది, ఫోటోల మొఖం సుత మంచిగనే పడ్డది. ఓట్ల నాడు మాత్రం తలుపు దగ్గరికేసుకొని నేస్తనే ఉంటడు. ఈ ముచ్చట సిద్దిపేటల చెప్తే నవ్విన్రు. నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతది.

పుట్టుకతోని ఇట్లున్నోడు కాదు. ఈ మగ్గం గుంతల కూసోకముందు ఇరవై ఏండ్లు బొంబాయి దిక్కు భివండిల పవర్‌లూమ్‌ల కాడ నిలబడి పనిచేసిండు. అప్పట్ల మా పెద్దబాపు కొడుకు మైసయ్య వార్డు మెంబరుకు నిలబడ్డడు. ఆ ఒక్క ఓటు కోసం మల్లేశం పని ఇడిసిపెట్టి, రైల్ల నిలబడి వచ్చిండు. వచ్చి, తానం చేసి, మైసయ్య గుర్తు మీదనే ఓటు గుద్దిండు. పొద్దుగూకెవరకు మైసయ్య ఒక్కటంటే ఒక్క ఓటుతోని ఓడిండు.

మా వార్డుల ఉన్నయే తొంభై ఆరు ఓట్లు. అందరం నేసేటోళ్లం, అందరం సుట్టాలం. ఓటు డబ్బల పడేదాంకనే గుట్టు. మైసయ్య ఇంటోళ్లు అరుగు మీద కూసోని ఇల్లిల్లు లెక్కవెట్టిన్రు. లెక్క వచ్చి వచ్చి మల్లేశం కాడ ఆగింది. "బయటికెళ్లి వచ్చినోడు వాడొక్కడే. అవతలోళ్లే రప్పించిన్రు" అన్నరు.

మల్లేశం ఉరికిండు. "అన్నా, నీకే ఏసిన, నా పిల్లల మీద ఒట్టు" అన్నడు.

మైసయ్య బీడీ ఆర్పి, "నువ్వు రాకుంటే ఈ మాట వచ్చేదే కాదు గద తమ్మీ" అన్నడు.

ఆ యేడాదే మైసయ్య బిడ్డ పెండ్లి. గల్లీల ఈ కొసకెళ్లి ఆ కొసదాంక పత్రికలు పంచిన్రు, మల్లేశం ఇల్లు తప్పించి. గప్పుడు మొదలైంది మావోని తిక్క. వేలుకు సిరా లేకపోతే ఎవలూ ఏమనలేరు అని పట్టుకున్నడు.

మొన్న సర్పంచ్ ఎలక్షన్లల్ల మా వార్డు ఆడోళ్లకు వచ్చింది. నా కోడలు నవత నిలబడ్డది. ఎందుకంటే, వాన గట్టిగ కొడితే మోరిల మురికి నీళ్లు ఇండ్లల్లకు వస్తయి, మగ్గం గుంతలు నిండుతయి. పోయిన వానకాలం మల్లేశం పడుగే నానింది. చెంబుతోని నీళ్లు తోడుకుంట కూసున్నడు. మోరి కట్టిపిస్తనని నవత గడప గడపకు తిరిగింది. దానికి గౌను గుర్తు వచ్చింది. అవతల గ్యాస్ పొయ్యి గుర్తుకు యాదలక్ష్మి. ఆమె ఎవలో కాదు, మల్లేశం పెండ్లాం చంద్రవ్వకు సొంత వదిన.

చంద్రవ్వ నా ఇంటికొచ్చి, నా మొఖం మీదనే చెప్పింది. "వదినా, నేను మా వదినకే ఏస్త. తర్వాత నన్ను అనొద్దు."

"ఏసుకో. చెప్పి ఏస్తున్నవు గద, చాయ్ తాగి పో" అన్న. మనిషంటే అట్లుండాలె.

తర్వాత నవతను తీసుకొని తమ్ముని కాడికి పోయిన. మగ్గం ఆపలే.

"చిన్నబాపూ, మీ మగ్గం కోసం గూడనే నిలబడ్డ" అన్నది నవత.

"మంచిది బిడ్డా, గెలుస్తవు తీ."

"నువ్వు ఏస్తేనే గెలుస్తది" అన్న నేను.

"నేను ఎవలికీ ఏయనక్కా. రెండిండ్లల్ల తినేటోన్ని."

"అరే, ఓటు పేపరు మీద 'ఎవరూ కాదు' అని ఒక గడి సుత ఉంటదంట. పోయి దాంట్ల గుద్ది రా."

"ఆడ గుద్దింది ఎవలు చూస్తరు? వేలుకు సిరా కనవడితే, ఎవలికో ఒకలకు ఏసినట్టే అంటరు."

"అయితే యాదలక్ష్మికే ఏయిరా! ఏసి నా ఎదురుంగ నిలబడి చెప్పు. నేను ఓర్సుకుంట. ఇట్ల తలుపు ఎనుక దాసుకునుడు నాకు నచ్చదు."

మగ్గం మీద నాడె ఇటు అటు కొట్టుకుంట నవ్విండు. అంతే.

ఓట్ల నాడు పన్నెండున్నరకు మళ్లొకసారి పోయిన. తలుపు కొట్టిన. లోపట మగ్గం సప్పుడు ఇంక జోరైంది. తొంభై ఏండ్ల ముసలమ్మను కుర్చీల ఎత్తుకొని పోతున్నరు మా ముంగట్నుంచే. ఆమెను చూసి నాకే సిగ్గనిపించింది. ఒంటిగంటకు ఓట్లు బందైనయి.

పగటాల్ల లెక్కవెట్టిన్రు. గౌనుకు నలభై ఏడు. గ్యాస్ పొయ్యికి నలభై ఏడు. ఒకటి చెల్లలే. ఒకటి పడలే.

ఆ పడని ఒకటి ఎవలిదో ఎవలూ అడగలే. అందరు మల్లేశం ఇంటి దిక్కు చూసిన్రు.

ఆఫీసరు రెండు చీటీలు రాసి, ప్లాస్టిక్ డబ్బలేసి కలిపి, ఒకటి తీసిండు. నవత పేరు వచ్చింది. మా వోళ్లు చప్పట్లు కొట్టిన్రు గని నా చేతులు లేవలే. నెల దినాలు తిరిగి, ఎండల మాడి, నా కోడలు గెలిచింది చీటీతోనా? తెల్లారెవరకు ఊరంత దానికి చీటీ మెంబరని పేరు పెట్టింది. నాకు తల కొట్టేసినట్టాయె.

మల్లేశం మాత్రం మొఖం ఎలిగిపోంగ యాదలక్ష్మి ఇంటికి పోయిండు, ఉత్త వేలు చూపెట్టుకుంట. ఆమె మొగడు లేచి తలుపేసిండు. "నీ ఒక్క ఓటు పడితే మేము గెలుద్దుము" అన్నడంట. ఆడికెళ్లి మా ఇంటికొచ్చిండు. నా కొడుకు రమేశ్ కుర్చీ సుత ఎయ్యలే. "నీ అసుంటి మేనమామ ఉన్నంక శత్రువులెందుకు" అనేసిండు. ఇంటికి పోతే చంద్రవ్వ పళ్లెం ముంగటికి నూకి లోపలికి పోయింది.

వారం రోజులు సూసి, మళ్ల నా కాడికొచ్చిండు. నవత చాయ్ ఇచ్చింది.

"అక్కా, ఏసిననాడు ఒక్క ఇంటోళ్లే అన్నరు. ఏయకుంటే రెండిండ్లోళ్లు అనవట్టిరి. ఇదేం లెక్కనే?"

పానం ఉసూరుమన్నది. ఎంతైన నా తోడవుట్టినోడు. "ఇగనన్న తెలివి తెచ్చుకో తమ్మీ. రేపో మాపో మండలం ఎలక్షన్లు వస్తయంటున్నరు. పోయి ఏసి రా, పాపం పోతది" అన్న.

చాయ్ ఊదుకుంట అడిగిండు.

"దాంట్ల మనోళ్లు ఎవలన్న నిలబడుతున్నరా?"

"లేరు. నీకు ఏ బాధ లేదు."

"మనోళ్లే లేనప్పుడు నేను ఏసి ఏం లాభమే అక్కా?" అన్నడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. చాయ్ గ్లాసు వాని చేతులకెళ్లి గుంజుకున్న. "లే, నడువు" అన్న. నవత ఉరికొచ్చి ఇంకో గ్లాసు పోసిచ్చింది. మెంబరైనంక వార్డుల అందరికి మర్యాద చెయ్యాల్నంట.

మల్లేశం ఆ గ్లాసు అందుకొని, చక్కెర తక్కువైందన్నడు.