నాగేందర్ అడిగిన మాట

చివ్వెంలలో మిలిటరీ జీపు ఆగిందంటే యాదమ్మ దిగినవాళ్ల మొహాలు చూడదు. ముందు వాళ్ల చేతులు చూస్తుంది. పెట్టె ఉందా, లేదా?

పెన్‌పహాడ్‌లో ఆడబిడ్డ కొడుకు సరిహద్దులో పోయినప్పుడు, ఇద్దరు జవాన్లు వాడి నల్ల ట్రంకుపెట్టె తెచ్చి వాకిట్లో దించడం ఆమె కళ్లారా చూసింది. అప్పటికి తన కొడుకు నాగేందర్ మిలిటరీలో చేరి మూడు నెలలే. ఆనాడు పట్టుకున్న భయం మళ్లీ వదల్లేదు.

అసలు వాడు తుపాకీ పట్టే మనిషేనా? సూర్యాపేటలో చదివేటప్పుడు లైబ్రరీ మూసేవేళకు అటెండరు వచ్చి భుజం తట్టి లేపాల్సిన మనిషి! కశ్మీరులో ఉర్దూ నేర్చుకుని, సెలవుకొస్తే ఊరివాళ్ల నిజాం కాలపు భూమి కాగితాలు చదివిపెట్టేవాడు. కెప్టెన్ అయ్యాక పిచ్చి ఇంకా ముదిరింది. మోటలు పోయి మోటార్లు వచ్చాక జనం మరిచిపోయిన సేద్యపు మాటలన్నీ ఏరి పుస్తకం రాస్తానని కూర్చున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున మంచుకొండల్లోంచి ఫోను, అవే ప్రశ్నలు.

"గాడ తుపాకులు పేలుతుంటే వడ్ల గుమ్మి గురించి అడుగుతవేందిరా?"

"నువ్వు చెప్పకుంటే ఇంకెవరు చెప్తరమ్మా?"

మొన్న ఎండాకాలం జీపు రానే వచ్చింది. ఇద్దరు జవాన్లు, మధ్యలో నల్ల పెట్టె. యాదమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. వాకిట్లో కూలబడి గుండెలు బాదుకుంది. వాడకట్టంతా చేరి ఏడుపందుకుంది. పాపం, ఆ జవాన్లకు తెలుగు రాదు. చేతులూపి ఊపి, చివరికి మూత తీసి చూపించారు. ఏముంది? పుస్తకాలు! బదిలీ అయ్యిందని, మోయలేక ఇంటికి పంపాడట మహానుభావుడు.

ఆ ఆదివారం ఆమె తిట్టని తిట్టు లేదు. "గవి గూడ రాసుకుంటున్ననే" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇగ ఎన్నడూ పెట్టె పంపనమ్మా, ఒట్టు" అన్నాడు.

కార్తీకంలో మళ్లీ అడిగాడు. "మోట బొక్కెనకు కింద తోలుగొట్టం ఉంటది గదా, నీళ్లు దుంకేది. దాన్నేమంటరు? పుస్తకంల అదొక్కటే మిగిలింది."

నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "యాదికొస్తలేదు బిడ్డా. వచ్చే ఐతారం చెప్త."

బుధవారం వడ్లు ఎండబోస్తుంటే టక్కున తట్టింది. తొండం! మళ్లీ ఎక్కడ మరిచిపోతుందోనని రోజూ పైకే అనుకుంది. ఆదివారం ఫోను రాలేదు. కీడెంచి మేలెంచమన్నారు గాని, ఆమె కీడు దాటి ముందుకు పోలేకపోయింది.

సోమవారం పొద్దెక్కాక జీపు వచ్చింది. ఇద్దరు దిగారు. యాదమ్మ చేతులు చూసింది. ఖాళీ చేతులు! జీపు వెనక్కి వెళ్లి లోపలికి కూడా తొంగి చూసింది. పెట్టె లేదు. కొడుకు ఒట్టు నిలబెట్టుకున్నాడు. హమ్మయ్య!

ఇద్దరినీ కూర్చోబెట్టి చల్ల ఇచ్చింది. ఒకతనిది కోదాడట.

"ఫోన్ రాలేదని మస్తు పరేషానైన బిడ్డా. సిగ్నల్ లేదా గాడ?"

అతను గ్లాసు వైపే చూస్తున్నాడు.

"వాడు అడిగిన మాట యాదికొచ్చింది. మాట్లాడినప్పుడు చెప్పు, తొండం అని. జర రాసుకో, మరుస్తవ్."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరు కూర్చోండమ్మా. శనివారం మంచుచరియ విరిగిపడింది. నాగేందర్ సార్ దాని కిందే ఉండిపోయారు. రాత్రికి తీసుకొస్తున్నారు."

నాగేందర్‌కు ముప్పై ఒకటి ఇంకా నిండలేదు.

యాదమ్మ అతని చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"పెట్టె తేలేదు గదా బిడ్డా," అంది. "మీరు పెట్టె తేలేదు గదా."