అట్రాసిటీ అనే మాట

చిన్నప్పటి గుండెజబ్బు వల్ల నన్ను బడికి పంపలేదు. పేపరు ముందు పెట్టుకుని నాన్నగారే ఇంట్లో ఇంగ్లీషు నేర్పారు. ఆయన ఓపికకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ‘అట్రాసిటీ’ అంటే అమానుషం అని చెప్పారు. అప్పట్లో ఆ మాట యుద్ధాల వార్తల్లోనే కనిపించేది. దిల్‌సుఖ్‌నగర్‌లో మాత్రం మా అపార్ట్‌మెంటు మెట్ల మీదే వినిపించింది.

“పాపం, పెద్దాయన మీద అట్రాసిటీ పెట్టిందటండీ!”

పెట్టింది మా మెట్లు ఊడ్చే మనిషి. నల్లగొండ వైపు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికి ఉంటోంది. పెద్దాయన మా ఎదురు ఫ్లాటాయన. ఆ ఉదయం ఆయన గుడికి బయల్దేరారు. బకెట్‌తో ఆమె లిఫ్టులోంచి దిగుతుంటే మురికినీళ్లు ఆయన పాదాల మీద చిందాయి. ఆయన ఆమెను కులం పేరు పెట్టి, దానికి ముందొక మాట, వెనకొక మాట తగిలించి తిట్టారు. నేను గడపకు పసుపు రాస్తున్నాను. అంతా విన్నాను. విన్నది నేనొక్కదాన్నే.

ఆ వారమంతా మా ఇంటికి వచ్చినవాళ్లు ఆయన తరఫున మాట్లాడటానికే వచ్చారు. అసోసియేషన్ సెక్రటరీ భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు.

“మీరప్పుడు పూజలో ఉన్నారు, మీకేమీ వినపడలేదు. అంతే కదండీ?”

“పూజ అప్పటికే అయిపోయిందండీ.”

“అదే లెండి, వయసు మీద పడ్డాక చెవులు కూడా కాస్త...”

“చెవులు బాగానే ఉన్నాయి నాయనా. ఇందాక లిఫ్టులోంచి దిగుతూ మీ ఆవిడతో ‘ముసలావిడ మెత్తటిదే’ అన్నావు. అదీ వినపడింది.”

సెక్రటరీ భార్య కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచింది.

వాళ్లందరి నోటా అట్రాసిటీ అంటే ఆయనకు వచ్చిపడిన కష్టం. ఆమెకు జరిగింది మాత్రం ‘ఆ చిన్న గొడవ’. వినీ వినీ నాకు కోపం కూడా రాలేదు. ఈ వయసులోనూ చెవులు పనిచేయనిస్తున్నందుకు రోజూ దేవుడికి చెప్పుకునేదాన్ని. ఆ వారం చెవుల సంగతి దగ్గరికి వచ్చేసరికి కాస్త తడబడేదాన్ని.

సాక్ష్యం లేకపోతే కేసు నిలవదు. అబద్ధం కేసు పెట్టిందని ఆమెను పనిలోంచి తీసేస్తారు. అది ఆమెకూ తెలుసు. అయినా నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. చివరికి పోలీసులే నన్ను పిలిపించారు. ఆమెను కూడా రమ్మన్నారట. ఎల్బీనగర్‌లోని ఏసీపీ ఆఫీసుకు ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లాం.

“అమ్మా, అట్రాసిటీ అంటే ఏంది? అందరు కేసు, కేసు అంటున్నరు.”

“అమానుషం అని. మనిషికి మనిషి చేయకూడని పని.”

“గంత పెద్ద మాటనా! నేనేదో సెక్షన్ నంబర్ అనుకున్న. ముందే తెలిస్తే బకెట్ మొత్తం కుమ్మరిస్తుంటి గదమ్మా.”

ఆటో అతను కూడా నవ్వాడు.

ఆఫీసులో, ఆయన తిట్టారని చెప్పాను. టైపు చేస్తున్న కానిస్టేబుల్ చేతులు ఆపాడు.

“తిట్టిండు అంటే సరిపోదమ్మా. ఏ మాటలన్నడో గవ్వే చెప్పాలె.”

పక్క కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. ఆమె ఎదుటే ఆ మాటలు నేను అనాలి.

“ఈమెను కాసేపు బయట కూర్చోబెట్టండి బాబూ.”

ఆమె లేవలేదు. “చెప్పమ్మా. నాకేం కొత్తనా?”

చెప్పాను. ఒకటి వెనక ఒకటి, మూడు మాటలూ. ఆయన పళ్లు కొరుకుతూ అన్నవి నా నోట్లోంచి పారాయణం చేసినట్టు మెల్లగా, స్పష్టంగా వచ్చాయి. అలా రావడమే ఇంకా ఘోరంగా అనిపించింది. కానిస్టేబుల్ టైపు చేసి, సరిచూసుకోమని పైకి చదివాడు. ఆమె కొంగు చివర చూసుకుంటూ మళ్లీ విన్నది.

“నేను విన్నానని రాశారు కదా బాబూ? అన్నానని కాదు కదా?”

“విన్నరనే రాసిన మేడమ్.”

సంతకం పెట్టి బయటికి వచ్చాను. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఆమె కూడా పక్కన కూర్చుంది. కేసు ఏమవుతుందని ఆమె అడగలేదు, నాకూ తెలియదు. కాసేపటికి లేచి చేయి చాపింది.

“పోదాం పా అమ్మా. మీ ఫ్లోర్ ఇంక ఊడ్సేదున్నది.”

మా ఫ్లోరంటే ఎదురు ఫ్లాటాయనదీ.

“ఇంకొంచెంసేపు కూర్చుందామే,” అన్నాను.